ట్యాంకు, పెరడు, పొలం: ఐఓటీ మొదలుపెట్టేవాళ్లు ఏ బోర్డు కొనాలి?

"అన్నా, ఐఓటీ నేర్చుకుందామనుకుంటున్నా. ఏ బోర్డు కొనమంటావ్?"

ఇంజనీరింగ్ చదివే పిల్లలు, ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు చేత్తో ఏదైనా చేద్దామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. నేను తిరిగి అడిగేది ఒక్కటే: "ఎక్కడ పెడతావు?" చాలామంది ఇక్కడ తడుముకుంటారు. ముందు బోర్డు కొనేసి తర్వాత ఆలోచిద్దాంలే అనుకుంటారు. డబ్బూ ఉత్సాహం రెండూ పోయేది అలాగే. ఎన్ని పిన్నులు, ఎంత మెమరీ అనే లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ముందు తేలాల్సినవి మూడు. వస్తువు పెట్టే చోట కరెంటు ఉందా? అక్కడికి వైఫై అందుతుందా? మధ్యలో నెట్ పోతే ఏం నష్టం? ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగితే ఏ బోర్డు కావాలో చాలావరకు తేలిపోతుంది.

అందుకే ఇక్కడ బోర్డుల్ని మూడు చోట్ల పెట్టి పోలుస్తాను: మేడ మీద నీళ్ల ట్యాంకు, పెరట్లో మొక్కలు, పొలంలో బోరు మోటారు.

కొత్తవాళ్ల కోసం ముందు ఒక్క మాట. ఒక వస్తువు తన స్థితిని తానే కొలిచి నెట్ ద్వారా మనకు చెప్పడం, అవసరమైతే మనం చెప్పిన పని చేయడం, ఐఓటీ అంటే ఇంతే. ఆ కొలిచే పరికరం సెన్సర్. దాన్ని చదివి, మనం రాసిన ప్రోగ్రాము నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పలకే బోర్డు. 1982లోనే అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఒక కోక్ మెషిన్‌ను నెట్‌వర్క్‌కు కలిపారు. లోపల సీసాలు ఉన్నాయా, చల్లబడ్డాయా అన్నది అక్కడిదాకా నడిచి వెళ్లకుండా తెలుసుకోవడానికి. 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అన్న పేరు మాత్రం 1999లో వచ్చింది. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్‌లో పనిచేస్తున్న కెవిన్ ఆష్టన్ తన ప్రెజెంటేషన్‌కు ఆ పేరు పెట్టాడు. మేడ ఎక్కి ట్యాంకు మూత తీసి చూసే పని తప్పించుకోవాలన్న మన కోరిక కూడా ఆ కోక్ మెషిన్ కుర్రాళ్ల కోరిక లాంటిదే.

అసలు బోర్డు అవసరమా?

ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంటే ఐఓటీ జోలికి వెళ్లకండి. నీటి మీద తేలుతూ, మట్టం పెరగ్గానే మోటారు ఆపే ఒక ఫ్లోట్ స్విచ్, దాన్ని బిగించే ఎలక్ట్రీషియన్ చాలు. దానికి నెట్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు పెట్టేదైతే నేను మొదట దీన్నే చెబుతాను.

రెండో దారి రెడీమేడ్ స్మార్ట్ ప్లగ్, స్మార్ట్ స్విచ్. ఫ్యాను, లైటు, గీజరు ఫోన్‌లోంచి వేసి ఆర్పాలంటే ఇవే నయం. కొనేముందు రెండు చూడండి. ఒకటి, ఎన్ని ఆంపియర్లది అని. గీజరుకు 16 ఆంపియర్ల ప్లగ్ కావాలి, చిన్నది పెడితే వేడెక్కి కాలుతుంది. రెండోది, కంపెనీ సర్వర్ లేకపోయినా ఆ వస్తువు పనిచేస్తుందా అని. ఇది అనుమానం కొద్దీ చెప్పడం లేదు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికన్ స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ఒక్కసారిగా ఆగిపోయి, దాన్ని నమ్ముకున్న ఇళ్లలో యాప్‌లు పనికిరాకుండా పోయాయి. గూగుల్ లాంటి సంస్థ కూడా తన ఐఓటీ కోర్ సేవను 2023 ఆగస్టులో మూసేసింది. ఇంట్లో నెట్‌వర్క్ మీదే నేరుగా పనిచేసే వస్తువు దొరికితే వంద రెండు వందలు ఎక్కువైనా దాన్నే తీసుకోండి. 2022 అక్టోబరులో వచ్చిన 'మ్యాటర్' అనే ప్రమాణం ఉద్దేశం కూడా చాలావరకు ఇదే: వేర్వేరు కంపెనీల వస్తువులు ఇంట్లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం. డబ్బా మీద ఆ గుర్తు ఉందేమో చూడండి.

ట్యాంకులో ఎంత నీళ్లున్నాయో ఆఫీసులో కూర్చుని చూడాలి, రోజుకు ఎంత వాడుతున్నామో లెక్క కావాలి, పైగా ఇదంతా నేర్చుకోవాలి అనుకునేవాళ్లకు మూడో దారి: సొంతంగా చేసుకోవడం. ఇక మిగతాదంతా వాళ్ల కోసం.

నాలుగు బోర్డులు, నాలుగు స్వభావాలు

ఆర్డుయినో ఊనో చాలా కాలేజీల్లో మొదట చేతికొచ్చే బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రేయా అనే ఊళ్లో, డిజైన్ చదివే విద్యార్థుల కోసం మొదలైంది ఆర్డుయినో. ఎలక్ట్రానిక్స్ తెలియనివాళ్ల కోసమే పుట్టింది కాబట్టి నేర్చుకోవడానికి హాయిగా ఉంటుంది. 5 వోల్టుల మీద నడుస్తుంది, చిన్నచిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది. కానీ మామూలు ఊనోలో వైఫై లేదు. మెమరీ 2 కిలోబైట్లు. వైఫై కోసం వేరే మాడ్యూల్ తగిలిస్తే వైర్లు పెరుగుతాయి, వోల్టేజీ తేడాలు వస్తాయి, ఏది ఎందుకు పనిచేయడం లేదో అర్థంకాక కొత్తవాళ్లు విసిగిపోతారు. 2023లో వచ్చిన ఊనో ఆర్4 వైఫైలో ఆ బాధ లేదు, ధర మాత్రం బాగా ఎక్కువ. కాలేజీ ల్యాబ్‌లో పాత ఊనో ఉంటే దాని మీద ఎల్‌ఈడీ వెలిగించడం, సెన్సర్ చదవడం నేర్చుకోండి. ఐఓటీ కోసమని కొత్తగా డబ్బు పెట్టి కొనకండి.

నోడ్‌ఎంసీయూ పేరుతో దొరికే బోర్డులో ఉండేది ఈఎస్‌పీ8266 చిప్పు. షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ దాన్ని 2014లో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటిదాకా ఖరీదైన సరుకుగా ఉన్న వైఫై, రెండు మూడు వందల రూపాయలకు విద్యార్థి చేతికి వచ్చింది. ఇంట్లో కూర్చుని ఐఓటీ చేయొచ్చని ప్రపంచానికి తెలిసింది ఈ చిప్పు వల్లే అని నేను గట్టిగా నమ్ముతాను. లోటు ఒకటుంది: అనలాగ్ పిన్ను, అంటే ఉందా లేదా అని కాకుండా ఎంత ఉందో కొలవగలిగే పిన్ను, ఒక్కటే. నాలుగు కుండీల్లో తేమ కొలవాలంటే చాలదు.

2016లో అదే కంపెనీ నుంచి వచ్చింది ఈఎస్‌పీ32. రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్ వేగం, వైఫైతో పాటు బ్లూటూత్, చాలినన్ని అనలాగ్ పిన్నులు. ధర నోడ్‌ఎంసీయూ కంటే వంద, నూట యాభై ఎక్కువ. ఈ రోజు ఒక్క బోర్డే కొనగలిగితే ఇదే కొనండి. ఇందులోనూ ఒక చిక్కుంది, ముందే చెబుతున్నాను. అనలాగ్ పిన్నులు రెండు గుంపులుగా ఉంటాయి. వైఫై ఆన్‌లో ఉన్నప్పుడు రెండో గుంపు పిన్నులు అనలాగ్ రీడింగ్ ఇవ్వవు. సెన్సర్ పాడైపోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లు నాకు తెలుసు. 32 నుంచి 39 వరకు ఉన్న నంబర్లలో బోర్డు మీద కనిపించే పిన్నులు వాడండి, ఆ సమస్యే రాదు.

రాస్ప్‌బెర్రీ పై మిగతావాటి లాంటిది కాదు. అది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిపే చిన్న కంప్యూటరు. కెమెరా బొమ్మలు పరిశీలించాలన్నా, ఇంట్లో ఉన్న పది సెన్సర్ల సమాచారాన్ని ఒకచోట దాచాలన్నా అది బంగారం. ఒక్క ట్యాంకు మట్టం కొలవడానికి దాన్ని పెట్టడం అనవసర ఖర్చు. వేలల్లో ధర, అనలాగ్ పిన్ను ఒక్కటీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, మెమరీ కార్డు మీద నడిచే ఏ లినక్స్ కంప్యూటరైనా సరిగా షట్‌డౌన్ చేయకుండా ఉన్నట్టుండి కరెంటు పోతే కార్డులోని ఫైళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు కరెంటు పోయే ఊళ్లో యూపీఎస్ లేకుండా దాన్ని పెట్టొద్దు. ఈఎస్‌పీ బోర్డుకు ఆ భయం లేదు. కరెంటు రాగానే రెండు సెకన్లలో లేచి మళ్లీ పని మొదలుపెడుతుంది.

రాస్ప్‌బెర్రీ పై చేసేవాళ్లదే 2022లో వచ్చిన పికో డబ్ల్యూ అని ఇంకో చిన్న బోర్డుంది. పైథాన్ వచ్చినవాళ్లకు, సీ భాష అంటే బెదిరేవాళ్లకు అది చక్కటి మొదలు. వైఫై ఉంది, మూడు అనలాగ్ పిన్నులున్నాయి.

ఒక్క రూపాయి పెట్టకముందే చేసి చూడాలంటే వోక్వీ అనే వెబ్‌సైట్‌లో ఈఎస్‌పీ32, ఊనో, పికో బోర్డుల్ని బ్రౌజర్‌లోనే నడిపి చూడొచ్చు. అక్కడ వైరు తప్పు పెట్టినా ఏదీ కాలదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే బోర్డులు, సెన్సర్లు, జంపర్ వైర్లు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. కౌంటరు మీద పెట్టించుకుని చూసి కొనడంలో ఉన్న భరోసా వేరు.

ట్యాంకు మీద: వైఫై అందుతుందా?

మేడ మీద కరెంటు పాయింటు ఉంటుంది కాబట్టి బ్యాటరీ టెన్షన్ లేదు. వైఫై సంగతే చూడాలి. రౌటరు కింది హాల్లో ఉంటే మధ్యలో కాంక్రీటు శ్లాబు అడ్డం. బోర్డు కొనకముందే ఫోన్ పట్టుకుని ట్యాంకు పక్కన నిలబడండి. ఫోన్‌ను 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కే కలపాలి, ఎందుకంటే ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 రెండూ 5 గిగాహెర్ట్జ్ వైఫైని చూడలేవు. అక్కడ వాట్సాప్ మెసేజ్ వెంటనే వెళ్తే మంచి సూచనే. గిరగిరా తిరుగుతుంటే ముందు రౌటరు జాగా మార్చండి, లేదా బయట యాంటెన్నా పెట్టుకునే వీలున్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోండి.

సెన్సర్లలోనూ రెండున్నాయి. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 చవక, అన్ని పాఠాల్లోనూ అదే కనిపిస్తుంది. శబ్ద తరంగం పంపి, నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. నేను మొదట దాన్నే ట్యాంకు మూతకు బిగించాను. కొన్నాళ్లకే ఆవిరి పట్టి రీడింగులు పిచ్చిపిచ్చిగా వచ్చాయి. దాని ముఖం తెరిచి ఉంటుంది, తడికి ఆగదు. ట్యాంకుకు కావాల్సింది జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ, నీళ్లకు తట్టుకునే రకం. దీనికీ ఒక పద్ధతుంది. ముఖానికి 20, 25 సెంటీమీటర్ల లోపు ఉన్నదాన్ని సరిగా కొలవలేదు. అందుకని ట్యాంకు పూర్తిగా నిండినా నీటికీ సెన్సర్‌కూ మధ్య ఆ ఎడం ఉండేలా, కాస్త ఎత్తులో బిగించాలి. ఈ సెన్సర్లకు 5 వోల్టులిస్తే తిరిగొచ్చే సిగ్నల్ కూడా 5 వోల్టులే, ఈఎస్‌పీ పిన్ను తట్టుకునేది 3.3. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో తగ్గించి ఇవ్వండి. రెండు రూపాయల పని, బోర్డు ప్రాణం నిలబెడుతుంది.

మోటారును కూడా కలపాలనుకుంటే ఇక్కడ మూడో ప్రశ్న గుర్తుచేసుకోండి: నెట్ పోతే ఏం జరుగుతుంది? ట్యాంకు మట్టం క్లౌడ్‌కు, అంటే నెట్‌లో ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లి, అక్కడ "నిండింది" అని తేలి, "ఆపు" అన్న మాట తిరిగి రావాలంటే, మధ్యలో నెట్ పోయినప్పుడు మోటారు అలాగే తిరుగుతూ ఉంటుంది. ఆపే నిర్ణయం ఎప్పుడూ బోర్డులోనే ఉండాలి. ఫోన్‌కు కబురు పంపడం మాత్రమే నెట్ పని. దానికి తోడు, ఎంత చెప్పినా అరగంటకు మించి మోటారు నడవకూడదు అన్న టైమర్ కూడా కోడ్‌లో పెట్టండి. సెన్సర్ మొరాయించినా అది కాపాడుతుంది.

బోర్డు చెప్పగానే కరెంటును కలిపి, తెంచే స్విచ్ రిలే. నీలం రంగు చిన్న రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అది చూసి మోటారును నేరుగా దానికి తగిలించకండి. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కుంటే ఇక మీరు ఆపమన్నా ఆగదు. రిలేతో, పెద్ద కరెంటుకు తట్టుకునే స్విచ్ అయిన కాంటాక్టర్‌ను నడపాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి. ఈ భాగం ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి. 230 వోల్టుల దగ్గర ప్రయోగాలు వద్దు.

పెరట్లో: బ్యాటరీ లెక్క

మొక్కల దగ్గర ప్లగ్ పాయింటు ఉండదు. ఇక్కడ బ్యాటరీయే బోర్డును ఎంచుతుంది. ఒక 2,500 మిల్లీఆంప్ అవర్ సెల్ తీసుకుందాం. ఈఎస్‌పీ32 వైఫైతో నిరంతరం మెలకువగా ఉంటే సుమారు 100 మిల్లీఆంప్స్ తింటుందనుకోండి, 25 గంటల్లో సెల్ ఖాళీ. అదే గంటకోసారి లేచి, పది సెకన్లు పనిచేసి, కొలత పంపి, మళ్లీ గాఢనిద్రలోకి వెళ్తే రోజు మొత్తానికి 8 మిల్లీఆంప్ అవర్లు చాలు. కాగితం మీద ఆ లెక్క మూడు వందల రోజులకు వస్తుంది.

కాగితం మీద అని ఎందుకన్నానంటే, నిద్రలో చిప్పు తినేది మైక్రోఆంపుల్లోనే అయినా, బోర్డు మీదున్న పవర్ ఎల్‌ఈడీ, యూఎస్‌బీ చిప్పు, రెగ్యులేటరు నిద్రపోవు. అవి కలిసి 5 మిల్లీఆంప్స్ తిన్నా ఇరవై రోజులకే సెల్ అయిపోతుంది. కాబట్టి పెరటికి కొనేటప్పుడు బ్యాటరీ మీద నడవడానికే చేసిన, నిద్రలో తక్కువ తినే ఈఎస్‌పీ32 బోర్డు అడగండి. లేదంటే చిన్న సోలార్ ప్యానెల్ జత చేయండి. మన ఎండలకు అది బాగానే పనిచేస్తుంది. నోడ్‌ఎంసీయూతో చేసేవాళ్లు డీ0 పిన్నును రీసెట్ పిన్నుకు కలపడం మరిచిపోవద్దు. కలపకపోతే నిద్రపోయింది మళ్లీ లేవదు.

మట్టిలో గుచ్చే తేమ సెన్సర్ కూడా రెండు రకాలు. రెండు కాళ్ల ఫోర్కులా మెరుస్తూ ఉండేది ముప్పై నలభై రూపాయలకే వస్తుంది. మా అమ్మ మల్లె కుండీలో పెడితే రెండు నెలల్లో కాళ్లు తుప్పు పట్టి కరిగిపోయాయి. మట్టి గుండా నేరుగా కరెంటు పంపుతుంది కాబట్టి లోహం కరిగిపోక తప్పదు. కెపాసిటివ్ రకం నూరు రూపాయల చుట్టూ ఉంటుంది, లోహం మట్టికి తగలదు, ఎక్కువ కాలం ఉంటుంది. ఇక్కడ చవకది కొనొద్దు. అలాగే గాలి వేడి కొలవాలంటే డీహెచ్‌టీ11 కంటే డీహెచ్‌టీ22 తీసుకోండి. మొదటిది 50 డిగ్రీల దాకే కొలుస్తుంది. మే నెలలో రామగుండం ఎండ, అందులోనూ డబ్బాలో పెట్టిన సెన్సర్, ఆ గీతకు దగ్గరగా వెళ్తుంది.

కొలత ఎక్కడికి పంపాలి?

మొదటి వారానికి థింగ్‌స్పీక్ అనే వెబ్‌సైట్ చాలు. ఉచిత ఖాతాలో 15 సెకన్లకు ఒక కొలత పంపొచ్చు, గ్రాఫు అదే గీస్తుంది. ఇంట్లో మూడు నాలుగు వస్తువులయ్యాక ఎంక్యూటీటీకి మారండి. 1999లో చమురు పైపులైన్ల సమాచారాన్ని ఉపగ్రహం ద్వారా తక్కువ ఖర్చులో పంపడానికి పుట్టిన పద్ధతి అది. చిన్న మెసేజీలు, నెట్ బలహీనంగా ఉన్నా నెట్టుకొస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లోనో, రాస్ప్‌బెర్రీ పైలోనో హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే మీ ఇంటి సమాచారం మీ ఇంట్లోనే ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పైకి నిజమైన చోటు ఇదే.

పాస్‌వర్డ్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2016లో మిరాయ్ అనే వైరస్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్నీ రౌటర్లనీ లక్షల్లో పట్టుకుని పెద్దపెద్ద వెబ్‌సైట్లనే ఆపేసింది. కొన్న రోజే పాస్‌వర్డ్ మార్చండి, వీలైతే ఈ వస్తువులన్నిటినీ రౌటరులోని గెస్ట్ నెట్‌వర్క్‌కు కలపండి.

పొలంలో: సిమ్మా, లోరానా?

పొలంలో వైఫై ఉండదు. రెండే దారులు. మొదటిది సిమ్ కార్డు. పాఠాల్లో కనిపించే సిమ్800ఎల్ మాడ్యూల్ చవకే గానీ అది 2జీది. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ అందులో పనిచేయదు. పైగా సిగ్నల్ కోసం వెతికే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, బలహీనమైన ఛార్జరు పెడితే మాటిమాటికీ రీసెట్ అవుతుంది. ఇప్పుడు కొనేవాళ్లు 4జీ మాడ్యూలే కొనాలి. రీఛార్జ్ ఖర్చు ఎప్పుడూ ఉంటుంది.

రెండోది లోరా, సిమ్ లేకుండా దూరానికి చిన్న మెసేజీలు పంపే రేడియో పద్ధతి. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. అడ్డంకులు లేని చోట కిలోమీటర్ల దూరం చిన్న మెసేజీలు వెళ్తాయి, రీఛార్జ్ లేదు, బ్యాటరీ ఖర్చు తక్కువ. ఇంటి మేడ మీద ఒక రిసీవర్ పెట్టాలి, అక్కడి నుంచి ఇంటి నెట్‌కు కలపాలి. 868 పేరుతో అమ్మే మాడ్యూల్‌ను కోడ్‌లో 866కి పెట్టుకోవచ్చు. 915 అని రాసి ఉన్నది మాత్రం కొనకండి. పొలం ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉండి, నాలుగైదు చోట్ల తేమ కొలవాలనుకుంటే లోరా. పొలం వేరే ఊళ్లో ఉంటే సిమ్.

బోరు మోటారు విషయంలో మాత్రం సొంత ప్రయోగం వద్దు. త్రీ ఫేజ్ మోటారుకు ఫేజ్ పోయినా, బోరులో నీళ్లు తగ్గినా వెంటనే ఆగే రక్షణ ఉండాలి. అవన్నీ ఉన్న మొబైల్ స్టార్టర్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, కాల్‌తోనో మెసేజ్‌తోనో ఆన్, ఆఫ్ చేయొచ్చు. ఆటో స్టార్టర్‌నూ దీన్నీ ఒకటే అనుకోవద్దు. ఆటో స్టార్టర్ కరెంటు రాగానే, నీళ్లు అవసరమా కాదా అని చూడకుండా మోటారు వేసేస్తుంది. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, భూగర్భ జలాలు అడుగంటుతాయని ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని కోరింది. మొబైల్ స్టార్టర్‌తో నిర్ణయం రైతు చేతిలోనే ఉంటుంది. రాత్రిపూట టార్చి పట్టుకుని గట్ల మీద నడిచి, పాములకూ తెగిన వైర్లకూ భయపడుతూ మోటారు వేసిన రోజులు చూసినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. దాని పక్కనే మీ ఈఎస్‌పీ32తో తేమ కొలత పెట్టండి. ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో నాన్నకు ఫోన్‌లో కనిపిస్తుంది.

ఇంతా చదివి రేపు షాపుకెళ్లేవాళ్లకు నా చీటీ ఇది: ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి, టంకం లేకుండా వైర్లు గుచ్చుకునే బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, జేఎస్‌ఎన్ సెన్సర్, కొన్ని రెసిస్టర్లు, ఎల్‌ఈడీలు నాలుగు, డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్. కేబుల్ విషయం గట్టిగా అడగండి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ వల్ల మొదటి రోజంతా పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. మొదట కంప్యూటరు తెరమీద దూరం కనిపించనివ్వండి, బకెట్లో నీళ్లు పోస్తూ అంకె మారుతుందో లేదో చూడండి. తర్వాత వైఫై కలపండి. మోటారు ఉండాల్సిన చోట ఎల్‌ఈడీ పెట్టి, బకెట్ నిండగానే అది ఆరిపోతోందా అని వారం రోజులు చూడండి. రౌటరు ఆపేసి కూడా చూడండి. అప్పటికీ ఆరిపోతుంటే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయొచ్చు.